అత్తగారి చర్మం, లండన్ నుంచి వచ్చిన క్రీము డబ్బాలు

రాజోలు వైపు ఒక పల్లె నుంచి ఒక కోడలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

అత్తగారికి డెబ్బై దాటాయి. ఏడాదిన్నర క్రితం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట సరిగా రాదు. షుగరు ఉంది, బిళ్ళలు వేసుకుంటున్నారు. అన్నీ మంచం మీదే. ఈ కోడలి భర్త కువైట్‌లో ఉంటారు. ఇంట్లో ఉండేది ఈవిడ, పదో తరగతి చదివే కొడుకు, అత్తగారు. రోజంతా పెద్దల డైపరే కడుతున్నారు. భర్త అక్కగారు లండన్‌లో ఉంటారు. డైపర్ కట్టేచోట ఎర్రగా ఒరుసుకుపోయిందని తెలిసి, చర్మానికి రక్షణగా రాసే యాంటీసెప్టిక్ క్రీము డబ్బాలు నాలుగు పంపి, "ఎంత రాస్తే అంత మంచిది" అన్నారు. ఈవిడ పూటపూటకీ తెల్లగా, మందంగా పట్టించారు. పక్కింటి పెద్దావిడ చెమ్మ లాగేస్తుందని చెబితే దానిమీద పౌడరు చల్లారు. కడిగే నీళ్ళలో యాంటీసెప్టిక్ లోషను పోశారు. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది.

ఇప్పుడు నడుము కింద, వెన్నుపూస చివరన రూపాయి బిళ్ళంత మేర చర్మం లేచిపోయింది. అక్కడ క్రీము రాస్తుంటే అత్తగారు మూలుగుతున్నారు. "ఆదివారం ఆదివారం వదిన వీడియోలో చూపించమంటుంది. ఎరుపు కనబడగానే, డబ్బాలు పంపినా రాయడానికి బద్ధకమా అంటుంది. శనివారం రాత్రి నుంచే టెన్షన్ పట్టుకుంటోంది" అని రాశారు. డబ్బా మీదున్న పేర్లు కూడా రాసి పంపారు: జింక్ ఆక్సైడ్, లానొలిన్, పారఫిన్, బెంజైల్ ఆల్కహాల్, బెంజైల్ బెంజోయేట్. చివరిది గజ్జి మందని ఆర్ఎంపీ అన్నారట, ఆ భయం ఒకటి. చెల్లెలి నాలుగు నెలల బాబుకు కూడా అదే డబ్బాలోది రాయొచ్చా అని అడిగారు. తన చేతులు పగిలిపోయాయని ఆఖర్న ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

అమ్మా, ముందు ఆ రూపాయి బిళ్ళంత చోటు సంగతి చూద్దాం. మిగతావి రెండు రోజులు ఆగినా పరవాలేదు, అది ఆగదు.

మీ ఉత్తరంలో రెండు వేరువేరు బాధలు కలిసిపోయాయి. డైపర్ తగిలే మేరంతా ఎర్రబడి మంటపుట్టడం ఒకటి. ఇది తడి వల్ల వస్తుంది. మన చర్మం పైపొర కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, అదే దాని బలం. మూత్రం చాలాసేపు నిలవ ఉంటే అమోనియా తయారై ఆ గుణాన్ని పోగొడుతుంది. విరోచనం కూడా తోడైతే అందులోని ఎంజైములు పైపొరను తినేస్తాయి. నానిన చర్మం గుడ్డ రాపిడికే ఊడిపోతుంది. ఇలాంటి ఎరుపు మడతల్లో, తొడల లోపల, పిరుదుల మీద అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది.

రెండోది పడకపుండు. ఇది ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట, ఒత్తిడి వల్ల వస్తుంది. వెన్నుపూస చివర, తుంటి పక్కలు, మడమలు దానికి ఇష్టమైన చోట్లు. ఒంటి బరువంతా ఒకేచోట గంటలకొద్దీ పడితే అక్కడికి రక్తం అందదు, లోపలి కండ ముందు దెబ్బతిని ఆ తర్వాత పైకి తేలుతుంది. మీరు చెప్పిన చోటు సరిగ్గా ఎముక మీదే ఉంది కాబట్టి నా అనుమానం దీనిమీదే. కళ్ళతో చూడకుండా తేల్చి చెప్పలేను. కానీ ఇది పడకపుండే అయితే ఏ క్రీమూ దాన్ని మాన్పదు. క్రీము పని తడిని ఆపడం. ఒత్తిడిని అది ఆపలేదు.

చుట్టూ ఉన్న చర్మం సంగతి మీరే చూడొచ్చు. ఎర్రగా ఉన్నచోట వేలితో మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ రంగు వస్తే లోపల రక్తం ఆడుతోందని అర్థం. నొక్కినా రంగు మారకపోతే ఒత్తిడి దెబ్బ మొదలైనట్టే. ఒళ్ళు నలుపైతే ఎరుపు సరిగా తెలియదు. చుట్టుపక్కల కన్నా ముదురుగానో ఊదాగానో ఉందా, వేడిగా, గట్టిగా తగులుతోందా చూడండి. మూలగడాన్నే నమ్ముకోవద్దు. పక్షవాతం వచ్చిన కుడివైపు స్పర్శ తగ్గి ఉంటే ఆవిడకు నొప్పే తెలియకపోవచ్చు.

ఇక ఆ పుండును ఎవరికి చూపించాలి? మీకు కొన్ని దారులున్నాయి. అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి గానీ దగ్గర్లో సర్జన్ ఉన్నచోటికి గానీ తీసుకువెళ్తే పుండు లోతు చూస్తారు, షుగరు పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. కష్టమల్లా ఆవిడను కదిలించడం, బండి కట్టించుకోవడం. అది ఈ వారం కుదరదంటే మీ ఏఎన్ఎమ్మునో ఆశా కార్యకర్తనో ఇంటికి పిలిచి చూపించండి, వాళ్ళ ద్వారా పీహెచ్‌సీ డాక్టరుకు కబురు పంపండి. 104 వాహనం ఊళ్ళోకి వచ్చే రోజు కనుక్కుంటే ఆ డాక్టరును అడగొచ్చు. ఇలా చేస్తే ఆవిడకు శ్రమ తగ్గుతుంది గానీ, పుండు లోతైనదని తేలితే చివరికి ఆసుపత్రికి వెళ్ళక తప్పదు. మూడోది, ఇంట్లోనే రెండు మూడు రోజులు చూడటం. షుగరు లేనివాళ్ళకు, పైపొర మాత్రమే లేచినప్పుడు అది కొంతవరకు నయం. మీ అత్తగారికి షుగరు ఉంది కాబట్టి ఆ దారి నాకు నచ్చలేదు. షుగరున్న ఒంట్లో చిన్న పుండు లోపల్లోపల పెద్దదవుతుంది, పైకి తెలియదు.

చీము, దుర్వాసన, నల్లబడటం, చుట్టూ ఎరుపు వేడిగా పాకడం, జ్వరం, ఆవిడ మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా దారులు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టరు చూసేదాకా ఆ పచ్చి చోట క్రీము, పౌడరు, పసుపు ఏవీ వద్దు. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ సీసా దొరుకుతుంది, దానితో మెల్లగా కడిగి, పుండుకు అంటుకోని డ్రెస్సింగు వేయండి. డ్రెస్సింగు అంచులు అతికే చోట కూడా క్రీము ఉండకూడదు, జిడ్డు మీద అది నిలవదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడ బరువు ఆ చోట పడకూడదు. సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే తుంటి ఎముక మీద భారం పడుతుంది. అందుకని వీపు వెనక దిండు ఆనించి కొంచెం వాలుగా ఉంచితే చాలు. పిక్కల కింద మెత్తటి దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. మధ్యలో బెజ్జం ఉండే గుండ్రటి దిండు కొనమని ఎవరైనా చెబితే వద్దనండి, దాని అంచు చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. ఎర్రగా ఉన్నచోట గట్టిగా మర్దనా చేయడం కూడా చెరుపే. గాలి నింపే పరుపు, మనవాళ్ళు ఎయిర్ బెడ్ అనేది, అద్దెకు దొరికితే మేలు. అది ఉన్నా పక్క మార్చాల్సిందే.

ఇప్పుడు ఆ క్రీము.

క్రీము మంచిదే. పొరపాటు రాసే తీరులో జరిగింది, అలా రాయమని మీకు చెప్పినవాళ్ళు ఉన్నారు. జింక్ ఆక్సైడ్ నీటిలో కరగని తెల్లటి పొడి. లానొలిన్ గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు. పారఫిన్‌తో కలిసి ఇవి చర్మం మీద తడి అంటని పొరలా పనిచేస్తాయి. చేనికి గట్టు ఎలాగో చర్మానికి ఈ పొర అలాగ. గట్టు బాగున్నంత వరకే నీళ్ళు ఆగుతాయి, గండి పడ్డాక పైపైన మట్టి మెత్తితే సరిపోదు. అంటే చర్మం చెదరనిచోట, లేదా కొద్దిగా ఎర్రబడినచోట రాయండి. లేచిపోయినచోట రాయకండి.

డబ్బా మీద యాంటీసెప్టిక్ అనే మాట చూసి చాలామంది పుండు మాన్పే మందనుకుంటారు. చర్మం పైన సూక్ష్మక్రిములు పెరగకుండా కొంత అడ్డుకోవడం వరకే దాని పని. లోపల చీము పట్టినదాన్ని అది బాగుచేయలేదు. బెంజైల్ బెంజోయేట్ గురించి ఆర్ఎంపీ చెప్పింది అబద్ధం కాదు. గజ్జికి వాడే లోషన్‌లో అదే ఉంటుంది, అయితే అక్కడ 25 శాతం. ఇలాంటి క్రీముల్లో సుమారు 1 శాతం. ఆ పేరు చూసి డబ్బాలు పారేయనక్కర్లేదు. మంట సంగతి వేరు. పచ్చి చర్మం మీద ఇలాంటి క్రీము చురుక్కుమనిపించవచ్చు, ఆవిడ మూలుగుకు అది ఒక కారణం కావచ్చు. కొద్దిమందికి లానొలిన్ గానీ ఈ బెంజైల్ రకాలు గానీ పడవు. అలాంటప్పుడు సరిగ్గా క్రీము రాసినంత మేర దురద, దద్దు, చిన్న పొక్కులు వస్తాయి. అనుమానం తీరాలంటే ఆవిడ ఎడమ చేతి లోపలి వైపు, అంటే స్పర్శ బాగున్న వైపు, కొంచెం రాసి చూడండి. రోజుకు రెండుసార్లు, ఓ వారం. అక్కడ ఎర్రబడితే ఈ క్రీము ఆవిడకు వద్దు. వాసన కలపని పెట్రోలియం జెల్లీనో సాదా జింక్ క్రీమో వాడుకోవచ్చు, మన మెడికల్ షాపుల్లోనే దొరుకుతాయి. జెల్లీ త్వరగా తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ మళ్ళీ రాయాలి. జింక్ ఎక్కువసేపు నిలుస్తుంది గానీ తెల్లగా అంటుకుని చర్మం రంగు కనబడనివ్వదు.

రాసే తీరు చెబుతాను. గోరువెచ్చటి నీళ్ళు, పాత నూలు చీర ముక్క చాలు. ముందు నుంచి వెనక్కి తుడవాలి, వెనక నుంచి ముందుకు తుడిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. నీళ్ళలో లోషను ఈ రోజు నుంచే మానేయండి, ఆ చర్మానికి అది మరో పుల్ల పెట్టినట్టు. సబ్బు రోజుకు ఒకసారి మించి వద్దు. రుద్దకుండా గుడ్డ అద్ది ఆరబెట్టండి, మడతల్లో చెమ్మ ఉండగా క్రీము రాస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. తర్వాత చాలా పల్చగా పూయండి. రాశాక అడుగున చర్మం లీలగా కనబడాలి. మందంగా పట్టిస్తే ఏమవుతుందంటే, అది డైపరుకు అంటుకుని దాని పీల్చే గుణాన్ని పాడుచేస్తుంది. పీల్చని డైపరు తడిని చర్మం మీదే ఉంచుతుంది. మీరు అంత క్రీము వాడినా ఎరుపు తగ్గకపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

ప్రతిసారీ పాత క్రీమంతా గీకి తీయాలని చూడకండి. మలినమైన పై పొర తుడిచి, మిగిలినదాని మీదే కొంచెం పూస్తే చాలు. చర్మం చూడాలని పూర్తిగా తీయాల్సి వస్తే దూదికి కొబ్బరి నూనె అద్ది తుడవండి, మెత్తగా వచ్చేస్తుంది. మన కోనసీమలో దానికి కొదవలేదు. కొబ్బరి నూనె ఒక్కటే రాస్తే సరిపోదా అని అడిగేవాళ్ళు చాలామంది. పొడిబారిన కాళ్ళకూ చేతులకూ బాగానే ఉంటుంది. డైపరు కింద తడిని ఆపేంత సేపు అది నిలవదు.

పౌడరు మానేయండి. క్రీము మీద పడితే ఉండలు కట్టి మడతల్లో ఒరుస్తుంది. పైగా మింగడం, దగ్గడం సరిగా లేని మనిషి దగ్గర ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

ఆర్ఎంపీ ఇచ్చిన ట్యూబు వెనక సన్న అక్షరాలు ఒకసారి మీ అబ్బాయి చేత చదివించండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ లాంటి పేరుంటే అది స్టిరాయిడ్. రాయగానే ఎరుపు తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది, మీరు చెప్పిన కథ అచ్చం ఇదే. డైపరు కింద మూసి ఉన్నచోట అది ఎక్కువగా లోపలికి ఇంకుతుంది, చర్మాన్ని పల్చగా చేసేస్తుంది. అడుగున ఫంగస్ ఉంటే అదీ పెరుగుతుంది. ఇలాంటి పూతమందులు చాలావాటిని 2018లో కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా మన ఊళ్ళలో మిఠాయిల్లా చేతులు మారుతున్నాయి, నాకు చాలా బాధ కలిగించే విషయమిది. ఎరుపు అంచుల చుట్టూ విడివిడిగా చిన్న ఎర్ర చుక్కలు, మడతల్లో తెల్లటి పొర ఉంటే ఫంగస్ అనుకోవాలి. డాక్టరు దానికి వేరే మందు రాస్తారు, అది తగ్గేదాకా ఈ క్రీము ఒక్కటే చాలదు.

మంట అంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం మరిచిపోవద్దు. క్రీములూ జెల్లీలూ బట్టలకూ దుప్పట్లకూ అంటి ఆరిపోతే, ఆ బట్టకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. ఉతికినా పూర్తిగా పోదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఈ విషయం మీద ప్రత్యేకంగా హెచ్చరించింది. మనకేమో దోమల బెడద, మంచం కింద దోమల చుట్ట వెలిగించి పెట్టే అలవాటు ఇంటింటా ఉంది. మీ ఇంట్లోనూ ఉంటే ఈ రాత్రి నుంచే మానేసి దోమతెర కట్టండి. సాంబ్రాణి, దీపం కూడా ఆవిడ మంచానికి దూరంగా ఉండాలి.

డైపరు రోజంతా కట్టాలా అన్నది మీరే తేల్చుకోవాల్సిన విషయం. రోజంతా కడితే మీకు పని తగ్గుతుంది, పక్క తడవదు. కానీ మన దగ్గర ఉక్కపోతకు లోపల చెమటే చాలు చర్మం నానడానికి. అలా కట్టేట్టయితే రెండు మూడు గంటలకోసారి చూడాలి, విరోచనమైతే వెంటనే మార్చాలి. పగలు విప్పేసి కింద తడి పీల్చే అండర్‌ప్యాడ్ పరిచి, రాత్రి మాత్రమే కడితే చర్మానికి గాలి తగులుతుంది, ఎరుపు త్వరగా తగ్గుతుంది. బట్టలు మాత్రం ఎక్కువ ఉతకాలి. ముసురు పట్టిన రోజుల్లో అవి ఆరవు, చెమ్మగుడ్డ కడితే మళ్ళీ మొదటికొస్తుంది, ఇస్త్రీ చేసి వేడిగా ఆరబెట్టాల్సి వస్తుంది. మీరు ఒక్కరే చేసుకునే మనిషి. ఎండ ఉన్న రోజుల్లో పగలు విప్పి ఉంచడం, వానల్లో కట్టడం, ఇలా కలిపి చేసుకున్నా తప్పులేదు. మూత్రానికి పైపు వేయించమని ఎవరైనా సలహా ఇస్తే, పని తేలికవుతుందన్న ఒక్క కారణంతో ఒప్పుకోకండి. ఎక్కువ రోజులు పైపు ఉంటే ఇన్‌ఫెక్షన్ దాదాపు ఖాయం. లోతు పుండు తడవకుండా కొన్నాళ్ళు డాక్టరే వేయమంటే అది వేరే సంగతి.

పుండు మానాలంటే తిండి కూడా చూడాలి. పప్పు, గుడ్డు, ముళ్ళు తీసిన మెత్తటి చేప, పెరుగు, ఆవిడ మింగగలిగినట్టు చేసి పెట్టండి. మూత్రం ఎక్కువవుతుందని నీళ్ళు తగ్గించే ఇళ్ళున్నాయి, అలా చేస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది.

మీ వదినగారి గురించి. ఎరుపు కనబడటం మీ బద్ధకానికి రుజువు కాదమ్మా. పెద్ద ఆసుపత్రుల్లో, మూడు పూటలా నర్సులు ఉన్నచోట కూడా మంచం పట్టినవాళ్ళకు పడకపుళ్ళు వస్తాయి. ఆవిడకు ఈ మాట ఎలా చెప్పాలన్నది మీ చేతిలో ఉంది. ఆదివారం వీడియోలో ఎప్పటిలా చూపించి ఊరుకుంటే గొడవ పెరగదు, మీ మనసు మాత్రం ఇలాగే నలుగుతుంది. గట్టిగా ఎదురు చెబితే భారం దిగుతుంది, కానీ కువైట్‌లో ఉన్న మీ ఆయన ఇద్దరి మధ్య నలిగిపోతారు. నేనైతే డాక్టరో ఏఎన్ఎమ్మో ఇంట్లో ఉన్నప్పుడు వీడియో కాల్ పెట్టమంటాను. క్రీము పల్చగా రాయాలని, ఆ పుండు క్రీముతో మానేది కాదని వాళ్ళ నోటితో వింటే ఆవిడకు కోపం రాదు, తల్లి మీద ప్రేమతోనే కదా అంత దూరం నుంచి పంపింది. ఆ మాటలోనే అడిగేయండి: వదినా, ఇక డబ్బాలు వద్దు, ఆ డబ్బుతో ఎయిర్ బెడ్ ఇప్పించండి, రోజుకు రెండు గంటలు వచ్చి సాయం చేసే మనిషికి జీతం ఇవ్వండి అని. ఇది అడగడానికి మీరు మొహమాటపడక్కర్లేదు. పక్క మార్చడానికి రెండో మనిషి ఉంటే మీ నడుమూ నిలబడుతుంది, అత్తగారి చర్మమూ ఈడ్చినట్టు కాకుండా ఉంటుంది.

బాబుకు ఈ క్రీము డైపరు ఎరుపు మీద పల్చగా రాయొచ్చు. అత్తగారి డబ్బా మాత్రం ముట్టుకోవద్దు, వేళ్ళు పెట్టిన డబ్బాలో ఆవిడ చర్మం మీది క్రిములు ఉంటాయి. సీలు తీయని డబ్బా ఒకటి మీ చెల్లెలికి ఇచ్చేయండి, శుభ్రమైన చెంచాతో తీసుకోమనండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు వచ్చినా పిల్లల డాక్టరుకు చూపించాలి.

మీ చేతులు. రోజుకు ఎన్నిసార్లు కడుగుతున్నారో, ఎన్ని గుడ్డలు ఉతుకుతున్నారో ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఆ లోషను నీళ్ళు మీ చేతుల్నీ తిన్నాయి. తుడిచేటప్పుడు వాడి పారేసే గ్లవ్స్ వేసుకోండి, తీశాక చేతులు కడిగి, తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీనో కొబ్బరి నూనెనో పట్టించండి. రాత్రి పడుకునేముందు మందంగా రాసుకుని పాత నూలు సాక్సులు చేతులకు తొడుక్కుంటే పగుళ్ళు త్వరగా పూడతాయి. వేళ్ళ సందుల్లో దురద, తెల్లగా నానినట్టు ఉంటే అది ఫంగస్ కావచ్చు, అత్తగారిని చూడటానికి వచ్చిన డాక్టరుకే మీ చేతులూ చూపించండి.